ఇల్లు చూడ్డానికి వస్తున్నారు, బీరువా ఎక్కడ ఉంచాలి?

పేరు వేయవద్దన్న ఒక పాఠకురాలు బెంగళూరు నుంచి ఆరు పేజీల ఉత్తరం రాశారు. ముందు అందులోని సంగతి చెబుతాను.

సర్జాపూర్ రోడ్డు దగ్గర కసవనహళ్ళిలో వాళ్ళకి మూడు పడకగదుల ఫ్లాటు ఉంది. 2012లో కొన్నారు. నాలుగంతస్తుల బిల్డింగులో మూడో అంతస్తు, భార్యాభర్తలిద్దరి పేరునా రిజిస్టరైంది. భర్త నిరుడు రిటైరయ్యారు. ఈ ఫ్లాటు అమ్మేసి, నెల్లూరులో ఉన్న పాత ఇల్లు బాగుచేయించుకుని, ఎనభై దాటిన అత్తగారితో సహా అక్కడికి వెళ్ళిపోవాలని వాళ్ళ ఆలోచన.

వేసవిలో ఒక బేరం కుదిరింది. కొనేవాళ్ళు ఇంటి తనిఖీకి ఒక కుర్రవాణ్ణి మీటర్లూ కెమెరాలూ ఇచ్చి పంపారు. ఈమె భర్త ఆ అబ్బాయి వెనకాలే గదిగదికీ తిరిగారు. అతను కర్రతో టైల్స్ మీద తట్టి డొల్ల చప్పుడు వస్తోందంటే, "పదమూడేళ్ళుగా నడుస్తున్నాం, ఒక్కటీ లేవలేదు" అన్నారు. యుటిలిటీలో ప్లగ్గుకి ఎర్తింగ్ లేదని రాసుకుంటుంటే, "నీ వయసెంత నాయనా, నీ సర్వీసెంత?" అని అడిగారు. కొనేవాళ్ళ నాన్నగారు మొహం మాడ్చుకుని వెళ్ళిపోయారు. మూడు రోజుల తర్వాత, వాళ్ళకి ఇల్లు వద్దట, టోకెన్ అడ్వాన్స్ వెనక్కి ఇమ్మంటున్నారని బ్రోకర్ ఫోన్ చేశాడు.

ఇప్పుడు రెండో బేరం. ఇద్దరూ ఉద్యోగాలు చేసే చిన్న జంట, గూడూరు వైపు వాళ్ళు. కోటీ పన్నెండు లక్షలకి మాట అయింది. ఆషాఢం వెళ్ళగానే శ్రావణంలో అగ్రిమెంటు. అంతకు ముందు, వచ్చే ఆదివారం తనిఖీ. చిక్కంతా రెండో పడకగదిలో పడమటి గోడ దగ్గర ఉంది. నాలుగేళ్ళుగా వానాకాలం రాగానే ఆ గోడ చెమ్మగిల్లుతోంది, పెచ్చులు లేస్తున్నాయి. బయట ప్లాస్టరు పగిలింది, అది అసోసియేషన్ వేయించాల్సిన పని, మూడు మీటింగుల నుంచి వాయిదా పడుతూనే ఉంది. పోయిన వారం భర్త పెయింటర్ని పిలిపించి ఆ ఒక్క గోడకే పుట్టీ పెట్టి రంగు వేయించారు. ఆదివారానికి ఇనప్పెట్టెలాంటి పెద్ద బీరువాని అక్కడికి జరిపిస్తానంటున్నారు. "అడిగితేనే చెప్పండి సార్, అడక్కపోతే మనకెందుకు?" అని బ్రోకర్ సలహా. అత్తగారికి ఏదీ దాచడం రాదు. మొదటిసారి వచ్చినవాళ్ళతోనే, "వానొస్తే ఆ గోడ ఏడుస్తుందమ్మా" అనేశారట. అందుకని ఆ రోజుకి ఆమెని ఆడపడుచు ఇంటికి పంపించమంటున్నారు భర్త. గొడవలు కాకుండా తాను కూడా బయటికి వెళ్తానని ఒప్పుకున్నారు గానీ, హాల్లో ఉన్న కెమెరాలో ఫోన్ మీద అంతా చూస్తూ, వింటూ ఉంటానంటున్నారు.

ఉత్తరం చివర ఈమె రాసిన నాలుగు వాక్యాలు ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను: "ఆ అమ్మాయికి ఇప్పుడు ఐదో నెల. మొన్న ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు ఆ గదిలో నిలబడి, ఇది పాపకి బాగుంటుంది ఆంటీ అంది. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. మా వారిని మాత్రం మోసగాడనుకోకండి, ఒక్క ఈఎంఐ ఆలస్యంగా కట్టని మనిషి."

అమ్మా, మీ వారిని నేను మోసగాడనుకోలేదు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇల్లు అమ్మేటప్పుడు ఎవరికైనా కలిగే బాధే అందులో కనిపించింది. జీతంలో సగం పోసి కట్టుకున్న ఇంటిని ముక్కూ మొహం తెలీని కుర్రవాడు కర్రతో తట్టి ఇక్కడ లోపం, అక్కడ లోపం అని రాసుకుంటుంటే, ఇరవై ఏళ్ళ కష్టానికి మార్కులు వేస్తున్నట్టుంటుంది. ఆయన తగాదా పడింది టైల్ గురించి కాదు. అది ఆయనకీ తెలియకపోవచ్చు. మీరు ఆయనతో మాట్లాడేటప్పుడు ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. "మీరు చేసింది తప్పు" అనే మాటతో మొదలుపెడితే ఆదివారం దాకా ఆ మాట దగ్గరే ఆగిపోతారు.

మీ ఉత్తరంలో రెండు విషయాలు పెనవేసుకుని ఉన్నాయి, వాటిని విడదీద్దాం. తనిఖీ జరిగే ఆ రెండు మూడు గంటలు మీరు ఎలా ఉండాలనేది ఒకటి. ఆ గోడ సంగతి ఏం చేయాలనేది ఇంకొకటి. మొదటిది మర్యాదకి సంబంధించింది, తేలిగ్గా సర్దుకుంటుంది. రెండోది మర్యాదతో తేలదు, దాన్ని ముందు చూద్దాం.

మన దేశంలో 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ఉంది. దాని 55వ సెక్షన్ మొదట్లోనే అమ్మేవాడి బాధ్యత రాశారు. ఆస్తిలో గానీ హక్కులో గానీ ముఖ్యమైన లోపం ఉండి, అది అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా కొనేవాడు కనిపెట్టలేనిదైతే, దాన్ని చెప్పి తీరాలి. చెప్పకపోవడాన్ని అదే సెక్షన్ మోసంగా లెక్కిస్తుంది. బ్రోకర్ అన్న "అడిగితేనే చెప్పండి" అనే మాట ఈ చట్టం ముందు నిలవదు. కొనేవాడు అడగాలన్న షరతు అందులో లేదు.

కంటికి కనిపించే లోపాల విషయం వేరు. సింకు కింద తుప్పు, విరిగిన గడియ, రంగు వెలిసిన తలుపు లాంటివి చూసుకోవడం కొనేవాళ్ళ పని. మీ గోడ పుట్టీ పెట్టకముందు బహుశా ఈ కోవలోనే ఉండేది, పెచ్చులు ఎవరికైనా కనిపిస్తాయి. ఇప్పుడు దాని మీద పుట్టీ పడింది, రంగు పడింది, ఆదివారం బీరువా కూడా వస్తుందంటున్నారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్, తెలిసిన విషయాన్ని పని కట్టుకుని కప్పిపెట్టడాన్ని మోసంగానే చూస్తుంది. చెప్పకుండా ఊరుకోవడం ఒకటి, కనిపించకుండా మూయడం ఇంకొకటి. మీ వారు మొదటిదాన్నుంచి రెండోదాంట్లోకి తనకి తెలియకుండానే అడుగుపెట్టారు. అగ్రిమెంటులో "ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నాం" అని ఒక వాక్యం రాయించుకుంటే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. తెలిసి దాచినదానికి ఆ వాక్యం అడ్డు రాదు. మోసం జరిగిందన్న కేసుల్లో గడువు రిజిస్ట్రేషన్ రోజు నుంచి లెక్కపెట్టరు, మోసం బయటపడిన రోజు నుంచి లెక్కపెడతారు. ఇల్లు మీ ఇద్దరి పేరునా ఉంది కాబట్టి సేల్ డీడ్ మీద మీ సంతకం కూడా ఉంటుంది. ఈ విషయంలో మాట్లాడే హక్కు మీకు ఉందా అని ఒకచోట అడిగారు. హక్కే కాదు, బాధ్యత కూడా మీది.

బిల్డర్ని అడగొచ్చా అన్నారు. ఇళ్ళు కట్టి అమ్మేవాళ్ళని నియంత్రించే రెరా చట్టం ప్రకారం కట్టుబడి లోపాలకి బిల్డర్ బాధ్యత ఇల్లు అప్పగించిన రోజు నుంచి ఐదేళ్ళు. మీది 2012 ఇల్లు. ఆ దారి వదిలేయండి.

చట్టం పక్కన పెట్టినా, బీరువా పథకం పని చేయదు. దీన్ని మీ వారికి ఇంజనీరింగ్ లెక్కన చెప్పండి, నీతి లెక్కన చెప్పవద్దు. తనిఖీకి వచ్చే వాళ్ళ దగ్గర ఉండే థర్మల్ కెమెరా గోడ లోపలికి చూడదు. గోడ ఉపరితలం ఎంత వెచ్చగా ఉందో కొలుస్తుంది. లోపల తడి ఆరుతుంటే ఆ చోటు చుట్టుపక్కల కన్నా చల్లబడుతుంది, తెర మీద నీలం మచ్చలా కనిపిస్తుంది. కొత్త రంగు ఆ మచ్చని ఆపలేదు. ఆ తర్వాత రెండు సూదుల మీటరు గుచ్చుతారు. తడి గోడలో కరెంటు తేలిగ్గా పారుతుంది, మీటరు అదే చెబుతుంది. ఇక బీరువా: బరువైన సామాను వాళ్ళు జరపరు. "ఈ గోడ చూడటానికి వీలు కాలేదు" అని రాస్తారు. మూడు గోడలకి పాత రంగు, ఒక్క గోడకి కొత్త రంగు, దాని ముందు బీరువా, రిపోర్టులో ఆ వాక్యం, ఇవన్నీ కలిపి చదివిన వాళ్ళకి ఏమనిపిస్తుంది? ఉన్న చెమ్మకన్నా పెద్ద భయం వాళ్ళ ఊహలో పుడుతుంది.

ఒకవేళ ఆదివారం ఎండ కాసి ఎవరికీ ఏమీ కనిపించకపోయినా, బెంగళూరులో అసలు వానలు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. శ్రావణంలో అగ్రిమెంటు చేసుకుని, ఒకటి రెండు నెలల్లో రిజిస్ట్రేషన్ అయి, వాళ్ళు పాలు పొంగించుకుని అడుగుపెట్టేసరికి గోడ తన పని తాను మొదలుపెడుతుంది. తడి గోడ మీద పెట్టిన పుట్టీ మొదటి గట్టి వానకే ఉబ్బుతుంది, ఉప్పు తెల్లగా పూస్తుంది. ఆ గదిలో పసిబిడ్డ ఉంటుంది. చెమ్మ పట్టిన గోడకి బూజు పడుతుంది, బూజు పసిపిల్లల ఊపిరికి మంచిది కాదు. మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఇదేనని నాకు తెలుసు, అందుకే ఈ మాట దాచకుండా రాస్తున్నాను.

మీ ముందు నాలుగు దారులు కనిపిస్తున్నాయి.

బీరువా జరిపి రంగు మీద ధైర్యం పెట్టుకోవడం ఒకటి. దాని సంగతి ఇప్పటిదాకా చెప్పాను.

రెండోది బ్రోకర్ దారి. దాచం, చెప్పం, అడిగితే చూద్దాం. బీరువా జరపకుండా, నోరు విప్పకుండా ఉండటం. మొదటిదానికన్నా ఇది మెరుగ్గా కనిపిస్తుంది గానీ, పుట్టీ ఇప్పటికే పడింది కాబట్టి చెప్పకపోవడమే దాచడం అవుతుంది. పైగా అడిగినప్పుడు ఏం చెబుతారు? "గోడలకి చెమ్మ ఏమైనా ఉందా అంకుల్?" అని ఆ అమ్మాయి సూటిగా అడిగిందనుకోండి, మీ వారు తడుముకునే ఆ రెండు క్షణాలే ఆమెకి జవాబు. మీ వారికి అబద్ధం అలవాటు లేదని మీరే రాశారు.

మూడోది, అమ్మకం వాయిదా వేయడం. వానలు తగ్గాక, డిసెంబరు దాటాక అసోసియేషన్ చేత బయటి గోడ చేయించి, ఇంకో వానాకాలం చూసి అప్పుడు నిశ్చింతగా అమ్మడం. ఇల్లు చెక్కుచెదరకుండా అమ్మామన్న తృప్తి ఉంటుంది, ధర కూడా నిలబడుతుంది. కానీ ఈ జంట ఆగదు, ఆ అమ్మాయికి ఐదో నెల. నెల్లూరు ఇంటి పని ఆగిపోతుంది. ఈ వయసులో మీ అత్తగారికి ఒక ఏడాది అంటే ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు. అసోసియేషన్ నాలుగో మీటింగులో కూడా వాయిదా వేయదన్న హామీ లేదు.

నాలుగోది, ఆదివారానికి ముందే చెప్పేయడం. నేను మొగ్గేది దీనివైపే. అయితే దీనికీ ఖర్చు ఉంది, దాన్ని దాచి మీకు సలహా ఇవ్వలేను. వాళ్ళు ధర తగ్గించమంటారు. కొందరు న్యాయంగా అడుగుతారు, కొందరు ఒక గోడ చూపించి ఐదు లక్షలు కోయమంటారు. బేరం తప్పిపోయే అవకాశం కూడా ఉంది, తప్పిపోతే బ్రోకర్ మిమ్మల్ని తిడతాడు, మీ వారు కొన్నాళ్ళు మీతో సరిగ్గా మాట్లాడరు. ఇవన్నీ లెక్కలో వేసుకుని నిర్ణయించుకోండి.

చెప్పాలనుకుంటే ఎలా చెప్పాలో కూడా చూద్దాం, దీంట్లో సగం విషయం తీరులోనే ఉంది. ఫోన్లో గొణిగితే లాభం లేదు. ఒక తెల్లకాగితం మీద రాయండి: ఫలానా గదిలో పడమటి గోడ, ఫలానా ఏడాది నుంచి, వానాకాలంలో మాత్రమే చెమ్మ వస్తుంది, బయటి ప్లాస్టరు పగుళ్ళే కారణమని పెయింటర్ చెప్పాడు, అసోసియేషన్‌కి ఫలానా తేదీల్లో రాశాం, ఈ నెలలో లోపల పుట్టీ, రంగు వేయించాం, బయట పని ఇంకా కాలేదు. కింద ఇద్దరూ సంతకం పెట్టండి. పాత ఫోటోలు మీ ఫోన్లో తప్పకుండా ఉంటాయి, అవి జతచేయండి. తాడు కట్టుకుని దిగి బయటి గోడలు చేసే వాళ్ళని పిలిచి, పగుళ్ళు పూడ్చి వాటర్‌ప్రూఫ్ రంగు వేయడానికి ఎంతవుతుందో ఒక కొటేషన్ తీసుకోండి. ఈ కొటేషన్ చాలా ముఖ్యం. అది లేకపోతే చర్చ "భయం ఎంత ఖరీదు?" అన్న దాని మీద నడుస్తుంది. ఉంటే "పని ఎంత ఖరీదు?" అన్న దాని మీద నడుస్తుంది. బయటి గోడ అందరి ఉమ్మడి ఆస్తి కాబట్టి ఆ ఖర్చు అసోసియేషన్ భరించాల్సిందేనన్న మాట కూడా కాగితంలో ఉండాలి.

డబ్బు విషయంలో ధర తగ్గించడమొక్కటే మార్గం కాదు. కొటేషన్‌లో ఉన్నంత మొత్తాన్ని వాళ్ళు తమ దగ్గరే ఆపుకుని, బయటి గోడ పని పూర్తయి ఒక వానాకాలం గోడ పొడిగా ఉన్నాక మీకు ఇచ్చేలా అగ్రిమెంటులో రాసుకోవచ్చు. గోడ నిజంగా ఆరితే మీ డబ్బు మీకు వస్తుంది. ధర తగ్గిస్తే అది పోయినట్టే. కాకపోతే మీరు నెల్లూరు వెళ్ళాక కూడా ఏడాదిపాటు వీళ్ళతో ఫోన్లలో ఉండాలి, అది మీకు భారమనిపిస్తే కొంత తగ్గించుకుని చేతులు దులుపుకోవడమే మేలు. వాళ్ళు లోను తీసుకుంటుంటే బ్యాంకు కూడా ఇల్లు చూసి విలువ కట్టే తన మనిషిని పంపుతుంది. లోను డబ్బు బ్యాంకు చేతిలో ఉంటుంది కాబట్టి ఆపే మొత్తం వాళ్ళ సొంత డబ్బులోంచి ఆపేలా చూసుకోవాలి. ఈ వాక్యాలు లాయరు చేతే రాయించండి.

మీ వారు "మన వైపు వాళ్ళే కదా, తర్వాత తెలిసినా ఏమీ అనుకోరు" అన్నారని రాశారు. నాకు దీనికి పూర్తిగా తిరగబడిన అనుభవం ఉంది. కొత్తవాడు మోసపోతే కోర్టుకి వెళ్తాడు. మనవాడు మోసపోతే పెళ్ళిళ్ళలో చెబుతాడు. గూడూరు, నెల్లూరు మధ్య దూరం ఎంత?

2009లో మేము బెంగళూరులోనే పాత ఇల్లు కొన్నాం. అమ్మిన పెద్దాయన ఒకరోజు ముందు ఇంటికి పిలిచి, మెట్ల కింద గీజరు పైపు ఒకచోట ఎప్పుడో కారుతుందని చెప్పి, కారితే తిప్పాల్సిన వాల్వుని మా ఇద్దరి చేతా రెండుసార్లు తిప్పించాడు. కొన్న రెండేళ్ళకి ఒక రాత్రి అది నిజంగానే పగిలింది. మా ఆయన చీకట్లో లేచి వెళ్ళి వాల్వు తిప్పేశారు. మర్నాడు పైపు మార్పించుకున్నాం, అంతే. ఆయన చెప్పకపోయి ఉంటే ఆ నీళ్ళలో నిలబడి మేము ఆయన్ని ఏమని ఉండేవాళ్ళమో నాకు తెలుసు.

ఇప్పుడు ఆదివారం సంగతి.

మీ ఇంటి లాంటి దానికి రెండు మూడు గంటలు పడుతుంది. అంతసేపు ఇంటివాళ్ళు వెనకాల తిరగకూడదు. తనిఖీ చేసేవాడు కొనేవాళ్ళతో మాట్లాడాలి, వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. ఆ అమ్మాయి మీ వంటింట్లో నిలబడి, "ఇక్కడ మిక్సీ పెట్టుకుంటే చాలదా?" అని భర్తని అడగాలి. మీరు గుమ్మంలో ఉంటే అడగదు. మీ వారు బయటికి వెళ్ళడం మంచి నిర్ణయం, ఆయన్ని దానికి మెచ్చుకోండి. కానీ కెమెరా ఆపేయండి. అది లేకుండా కుదరదంటే, వాళ్ళు రాగానే "హాల్లో కెమెరా ఉంది, మాటలు కూడా వినిపిస్తాయి" అని చెప్పేయండి. చెప్పకుండా వినడం ఇంటికి వచ్చినవాళ్ళని అవమానించడమే. ఇంకో కారణం కూడా ఉంది. ఆయన ఫోన్లో ఒక్కొక్క వ్యాఖ్యా విని, సాయంత్రానికి ఉడికిపోయి, బేరం మాట్లాడే వేళకి మొదటిసారి లాగే అవుతారు. వినకుండా ఉంటే ఆయనకే మేలు. నగలు, డబ్బు మీద భయం ఉంటే ముందే లాకర్లో పెట్టండి, కెమెరా దానికి జవాబు కాదు.

మీరు ఇంట్లో ఉండండి. తలుపు తీసి, చెప్పులు ఎక్కడ విడవాలో చూపించి, తలా ఒక గ్లాసు కాఫీ ఇచ్చి, "నేను బాల్కనీలో ఉంటాను, ఏదైనా అడగాలంటే పిలవండి" అని వెళ్ళిపోండి. కాఫీ ఇచ్చి పక్కన కూచుని కబుర్లు మొదలుపెడితే వాళ్ళు మర్యాదకి తనిఖీ సగంలో ఆపుతారు, మన ఇళ్ళలో ఇది చాలా సార్లు జరుగుతుంది. అడిగినదానికి అవును, కాదు, తెలియదు అనే మూడు జవాబులు చాలు. "మా ఇంట్లో ఏ సమస్యా లేదు" అనే మాట మాత్రం నోటి వెంట రానీయకండి. తెలియనిది తెలియదనడం తప్పు కాదు.

నీళ్ళ గురించి తప్పకుండా అడుగుతారు. 2024 వేసవిలో మీ వైపు ఎంత అవస్థ పడ్డారో అందరికీ గుర్తే. కావేరీ కనెక్షన్ వచ్చిందా, బోరు ఎన్ని అడుగులు, ఏప్రిల్లో నెలకి ఎన్ని ట్యాంకర్లు, మెయింటెనెన్స్ మీద అదనంగా ఎంత పడింది? ఇవి మీకు తెలిసినవే, అంకెలతో సహా చెప్పండి.

ముందు రోజు చేయాల్సిన పని ఉంది. అటక మీద నుంచి పాత సామాన్లు దించండి. సింకు కింద డబ్బాలు తీసేయండి. కరెంటు మెయిన్ స్విచ్చులుండే డీబీ బాక్సు ముందు క్యాలెండరూ కుర్చీ లేకుండా చూడండి. మేడ తలుపు, పైపులు దిగే షాఫ్టు, మీటరు గది తాళాలు సెక్యూరిటీ దగ్గర తీసుకుని సిద్ధంగా ఉంచండి. తాళం లేక చూడలేకపోయిన ప్రతిదీ రిపోర్టులో అనుమానంగా మిగులుతుంది. గీజర్లు పనిచేస్తూ ఉండాలి, ట్యాంకులో నీళ్ళు ఉండాలి. ఆ పొద్దున పడకగదుల్లో ఏసీ వేయవద్దు, కుక్కరు పెట్టి ఆవిరి నింపవద్దు, థర్మల్ కెమెరా లెక్క తప్పుతుంది. అగరొత్తులు గుప్పుమనిపిస్తే వాసన దాస్తున్నారనుకుంటారు. పూజ మామూలుగా చేసుకోండి. పూజగదిలోకి రావాలంటే కాళ్ళు కడుక్కోమని మొహమాటం లేకుండా చెప్పవచ్చు, అది మీ ఇల్లు ఇంకా.

పోయినసారి తేలినవాటిలో డొల్ల టైల్స్‌ని వదిలేయండి. పదమూడేళ్ళ ఇంట్లో అవి ఉంటాయి, ధర మీద పెద్ద ప్రభావం చూపవు. ఎర్తింగ్ విషయం మాత్రం వదలకండి. మంచి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి యుటిలిటీలో ఆ ప్లగ్గు సరిచేయించండి, డీబీ బాక్సులో, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్చుకి ఉండే టెస్టు బటన్ నొక్కి అది ట్రిప్ అవుతోందో లేదో చూపించుకోండి. ఇళ్ళలో వాడేది 30 మిల్లీ ఆంపియర్లది, షాకు కొట్టే వేళ ప్రాణం కాపాడేది అదే. అమ్మినా అమ్మకపోయినా మీ అత్తగారు వాషింగ్ మెషీన్ ముట్టుకునే ఇల్లు అది. పోయినసారి ఆ కుర్రవాడు చెప్పింది నిజమేనని మీ వారు ఒకసారి కళ్ళారా చూడటం కూడా మంచిది.

ఇక అత్తగారు. ఆమెని ఎక్కడికీ పంపకండి. ఈ వయసులో ఒక మనిషిని, నిజం చెబుతుందన్న భయంతో ఇంట్లోంచి పంపించడం మీ మనసుకి ఎప్పటికీ ముల్లులా ఉంటుంది. మీరు కాగితం ఇచ్చేస్తే ఆమె అన్నదాంట్లో కొత్త ఏమీ ఉండదు, ఇక భయమెందుకు? తనిఖీ చేసే అబ్బాయిని మొదట ఆమె గదే చూసేయమనండి. అది అయిపోగానే ఆమె తన మంచం మీద తాను కూర్చుంటారు. ఎవరైనా పలకరిస్తే మాట్లాడతారు, మాట్లాడనీయండి.

రిపోర్టు ముప్పై నలభై పేజీలు ఉండవచ్చు, ప్రతి పేజీలో ఒక ఎర్ర బాణం ఉంటుంది. అది వాళ్ళు డబ్బిచ్చి చేయించుకున్నది, చూపించి తీరాలని అడగలేరు. కానీ తగ్గింపు అడిగితే, దేని గురించి అడుగుతున్నారో ఆ పేజీలు పంపమనడం న్యాయం. వచ్చిన రోజే జవాబు ఇవ్వకండి. మీ వారికి ఒక్క రాత్రి ఇవ్వండి, పొద్దున కాఫీ తర్వాత ఇద్దరూ కూచుని చదవండి.

ఇదంతా మీ వారికి తెలియకుండా చేయాలా అని ఉత్తరం మధ్యలో, కొట్టేసిన ఒక వాక్యంలో అడిగారు. చాటుగా ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పేస్తే మీ మనసు తేలికపడుతుంది, కానీ ఆయన నలుగురి ముందు అబద్ధాలకోరు అవుతారు. దాన్ని ఆయన మరిచిపోరు. ముందు ఆయనకే చెప్పండి. ఆ అమ్మాయి గదిలో నిలబడి అన్న మాట ఆయనతో చెప్పారా? మీ ఉత్తరంలో ఎక్కడా చెప్పినట్టు లేదు. చట్టం, కెమెరా, కొటేషన్ అన్నీ తర్వాత. ముందు ఆ మాట ఆయన చెవిన పడనివ్వండి. అప్పటికీ ఒప్పుకోకపోతే, "నా సంతకం కూడా కావాలి కదా, ఆ కాగితం లేకుండా నేను సంతకం పెట్టలేను" అని నెమ్మదిగా, ఒక్కసారే చెప్పండి.

ఆయన ఒప్పుకుంటే, శనివారం సాయంత్రమే బీరువాని దాని పాత చోటులో ఉండనిచ్చి, ఆ గోడ దగ్గర ఇంకేమైనా సామాను ఉంటే అవీ తీయించండి. కొత్త రంగు మీద ఏ మూలైనా అప్పుడే ఉబ్బి ఉంటే గోకించకండి, అలాగే ఫోటో తీసి కాగితానికి జతచేయండి.